బాతు నడకకు కట్టిన వరస

హాల్లో లైట్లు ఇంకా ఆరలేదు. ఆరిపోతే ఆ జరిగేదేదో జరిగిపోతుందని ఒక క్షణం, ఆరకుండా ఈ మాటినీ అంతా ఇలాగే గడిచిపోతే బాగుండునని మరుక్షణం అనుకుంటూ డేవిడ్‌రాజు బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. విజయనగరం ఎండనంతా ఆ రేకుల కప్పు కిందే దాచిపెట్టినట్టుంది. పైన పంకాలు తిరుగుతున్నాయి గానీ, వేడిగాలిని ఒకరి మీంచి తీసి ఇంకొకరి మీద వేయడం తప్ప వాటివల్ల అయ్యే పని లేదు. తెర మీద సబ్బుల స్లైడు పడింది, తర్వాత బట్టల కొట్టు స్లైడు, తర్వాత అద్దం పగిలి నడుమ గీత పడ్డ బీడీల స్లైడు. నేల తరగతిలో ఎవరో ఈల వేశారు. అతని పక్కన అప్ప కూర్చుంది. పేరు జ్ఞానసుందరి, అతనికన్నా పదేళ్ళు పెద్దది, సొంత అక్క. అయినా అక్క అనే మాట అతని నోటికి ఏనాడూ రాలేదు; శ్రీకాకుళంలో పుట్టి పెరిగినవాడికి అక్కంటే అప్పే. ఆదివారం గుడికి కట్టుకునే నేత చీర కట్టుకుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయల మూట ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళివారి బండి ఎప్పుడొస్తుందా అని వీధి మలుపు వైపు చూసినట్టు తెర వైపు చూస్తోంది. ఇంకాసేపట్లో ఆ తెర మీద ఒక బాతు నడుస్తుంది. దాని నడకకు వరస కట్టింది డేవిడ్‌రాజు. ఆ నడక అప్పది. అప్పకు ఆ సంగతి తెలియదు.

"ఏటిరా, బెంచీ సాల్లేదా నీకు? ఆ సివర్న ఏలాడతన్నావు," అంది అప్ప.

"బాగానే ఉన్నానప్పా."

"ఏటి బాగు? నీ కాలాడిస్తంటే బెంచీ అంతా ఊగుతన్నాది. ఉయ్యాలనుకుని మీ బావ నిద్దరోతాడు."

"నా నిద్దరకి ఉయ్యాలెందుకు," అన్నాడు ఆవిడ అవతల కూర్చున్న పరంజ్యోతి బావ. నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసి చేసి ఆయనకు పెద్ద చప్పుడు ఉంటే తప్ప నిద్ర పట్టదు. "సినిమా మొదలెట్టమను, అదే సాలు."

బావ పక్కన ఉన్న తాయారు ముందుకు వంగింది. ఆవిడది అప్ప వాళ్ళ పక్క వాటా. "మా గుంటడు నిన్న సూసొచ్చేడు గదమ్మా. మీ తమ్ముడి పేరేసినారంట, ఇంతింత అచ్చరాలు. బాతుందంట. అది నడుస్తంటే హాలు హాలంతా ఒకటే నవ్వంట."

"మరేటనుకున్నావు మా తమ్ముడంటే," అంది అప్ప.

అతని కాలు ఆగిపోయింది. తర్వాత తనకు తెలియకుండానే మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది. హాలంతా నవ్విందట. నవ్వకపోతే అతను మద్రాసులో తినే అన్నం లేదు. పదేళ్ళుగా అతని పని అదే, బొమ్మలు నవ్వించేలా వాటి వెనక చప్పుడు పెట్టడం. కోడి మెడ తిప్పితే ఒక చప్పుడు, దొంగ పిల్లి గోడ దూకితే ఒకటి, ఏనుగు తుమ్మితే ఒకటి. పళ్ళపొడి అమ్మే కోతికి ఒక వరస, పొదుపు చేయమని చెప్పే చీమకు ఒక వరస. మనుషులు ఆడే సినిమాకు సంగీతం కట్టేవాళ్ళు ఏడుపుకి కడతారు, ప్రేమకి కడతారు. డేవిడ్‌రాజు కట్టేది నడకకి. బొమ్మకు ప్రాణం ముందు కాళ్ళలోనే వస్తుంది. సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు తిరుగుతాయి, అందులో ఏ బొమ్మ మీద అడుగు పడుతుందో ఆ బొమ్మ మీదే దెబ్బ పడాలి, రెండు బొమ్మలు అటూ ఇటూ అయితే నవ్వు చచ్చిపోతుంది. ఆ లెక్క అతనికి ఇప్పుడు ఒంట్లోకి ఎక్కిపోయింది. వీధిలో ఎవరు నడిచినా లోపల ఎక్కడో క్లారినెట్టు మొదలవుతుంది. ఇందాక టికెట్లు చింపిన మనిషి తడబడుతూ నడిస్తే తబలా జోడులో ఎడమది మోగింది. వెనక ఎవరో లావుపాటి షావుకారు కుర్చీల వరసలోకి పక్కవాటుగా దూరుతున్నాడు. ఆయనకూ ఒకటి మోగబోయింది, అతను పళ్ళు బిగించి ఆపుకున్నాడు. ఇవాళ వద్దు. ఇవాళ ఎవరి నడకా వద్దు.

భార్య లీలారాణి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ మాట ఈ మధ్య అతనికి ఊరికే వస్తోంది, పాలు పొంగిపోయినా వస్తోంది, గొడుగు మర్చిపోయినా వస్తోంది. కానీ ఈసారి మాత్రం అది నిజం. కొత్త వరస ఏది కట్టినా ఇంట్లో హార్మోనియం మీద ఒకసారి వాయించేవాడు, వంటింట్లోంచి ఆవిడ అడిగేది: "ఎవరు నడుస్తున్నారు ఇందులో?" అతను చెప్పేవాడు కాదు. ఆవిడే చెప్పేది. ఇంటాయన కదూ, చుట్ట వెలిగించుకుని మేడ దిగుతున్నాడు. పోస్టుమాను కదూ, మన గుమ్మం దాటి పోతున్నాడు, మనకేమీ లేవు. ఒక్కోసారి, వద్దండీ, ఇది పాపం ఆ చాకలి ముసలమ్మ, ఆవిడ చూస్తే బాధపడుతుంది, అనేది. అతను ఆ వరస పక్కన పెట్టేసేవాడు. పెళ్ళాం పోయి రెండు వానాకాలాలు దాటింది. ఇప్పుడు వంటింట్లోంచి ఎవరూ అడగరు. బాతు వరస కట్టిన సాయంత్రం హార్మోనియం మీద వాయించి, వేళ్ళు ఆపి, అలవాటు కొద్దీ కాసేపు కూర్చున్నాడు. కుక్కరు లేదు, గాజుల చప్పుడు లేదు. పక్కింటి కుళాయి కింద బిందె నిండుతోంది. బాగానే ఉంది అనుకుని పెట్టె మూసేశాడు.

టీకాల సినిమా అది. సర్కారు వాళ్ళు చేయించారు. ఊళ్ళో టీకాల డేరా వేస్తే కోడి పరిగెత్తి పారిపోతుంది, మేక చెట్టెక్కుతుంది, ఏనుగు ఇంట్లో లేనని చెప్పమంటుంది. ఒక బాతమ్మ మాత్రం తన పిల్లల్ని వెంటబెట్టుకుని డేరాకు బయల్దేరుతుంది. అంతే కథ. బొమ్మలు గీసింది జగన్నాధం. పర్లాకిమిడి దగ్గరి మనిషి. మద్రాసులో తమ యాసలో ఏటిరా అనుకునే తోడు దొరికిందని ఇద్దరూ మొదటిరోజే ఒకరి టిఫిన్ ఒకరు తినేశారు. జగన్నాధానిది ఒక పద్ధతి. అందరూ బొమ్మ గీసి దానికి సంగీతం పెట్టమంటారు. అతను సంగీతం ముందు కావాలంటాడు. రికార్డయిన ముక్కను చిన్న యంత్రం మీద ముందుకీ వెనక్కీ జరుపుతూ, దెబ్బ పడ్డచోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల్ని బట్టి కాళ్ళు గీస్తాడు. బొమ్మ పాట మాట వినాలి గాని పాట బొమ్మ మాట వినకూడదు అంటాడు. డేవిడ్‌రాజు అతనికి ఇచ్చింది ఒట్టి బాతు నడక. కుంటి బాతు అని కథలో లేదు, కాగితం మీద లేదు, ఎవరి నోటా లేదు. కొన్నాళ్ళకు చీకటి గదిలో గోడ మీద బొమ్మ వేసి చూపించారు. బాతమ్మ వచ్చింది. కుడికాలు గట్టిగా వేసింది. ఎడమకాలు కాస్త ఆలస్యంగా, నేలను రాసుకుంటూ వచ్చి దాని పక్కన చేరింది. తుంటి ఒకసారి లేచి దిగింది. గదిలో అందరూ చప్పట్లు కొట్టి నవ్వారు. "నీ పుణ్యమే బాబూ," అన్నాడు జగన్నాధం, "నువ్విచ్చిన వరసలో ఒక కాలు కుంటి గదా, నేను దాని వెనకాలే పోయేను." డేవిడ్‌రాజు కూడా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు మొహం మీద ఉండగానే గుర్తుపట్టాడు.

అప్ప ఎడమకాలు చిన్నప్పుడు జ్వరంలో సన్నబడింది. ఆ సంగతి అతనికి తెలియదా అంటే, తెలుసు. కంటికి తెలుసు. చెవికి తెలియదు. అమ్మ మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది, పొద్దున పోతే దీపాల వేళకు వచ్చేది. పగలంతా అతను అప్ప చంకలోనే ఉండేవాడు. నాగావళి ఇసుకలో చెలమ తోడుకుని, నెత్తిమీద బిందె పెట్టుకుని, చంకన తమ్ముడిని పెట్టుకుని అప్ప ఒడ్డెక్కేది. బిందెలో నీళ్ళు ఒక పెద్ద అల, ఒక చిన్న అల. అతని చెవి అప్ప భుజం మీద ఉండేది. ఒక గట్టి అడుగు, ఒక మెత్తని రాపిడి, నడుమ చిన్న ఆగుదల. ఆ ఆగుదలలో అతనికి నిద్ర పట్టేది. వెనకాల వీధి పిల్లలు వరసగా కుంటుతూ వచ్చేవాళ్ళు. అప్ప భుజం మీంచి వాళ్ళను చూసి అతను చేతులు ఊపేవాడట, వాళ్ళంతా తమ కోసం ఊరేగింపు కట్టారనుకుని. ఇది అమ్మ చెప్పి నవ్వేది. అప్ప నవ్వేదో లేదో అతను ఎప్పుడూ చూడలేదు. తర్వాత మిషను గుళ్ళో, దొరసాని వదిలిపెట్టి వెళ్ళిన కాళ్ళతో తొక్కే హార్మోనియం. అతని వేళ్ళు మెట్ల మీదికి అందేవి, కాళ్ళు కిందికి అందేవి కాదు. అప్ప బల్ల మీద పక్కన కూర్చుని తొక్కేది. కుడికాలు తొక్కినప్పుడు గాలి నిండుగా వచ్చేది, ఎడమకాలు తొక్కినప్పుడు కాస్త తగ్గి, సన్నగిల్లి, మళ్ళీ నిండేది. కీర్తన కూడా అలాగే లేచి దిగి లేచేది. ఊళ్ళో వాళ్ళంతా అలాగే పాడటం నేర్చుకున్నారు. ఒకసారి కొత్త పాస్టరుగారి భార్య వచ్చి సమంగా తొక్కి వాయిస్తే, పాటలో ఉప్పు లేదని ముసలమ్మలు గొణిగారు. అతనికి ఏ గురువూ లేడు. కాలేజీలో బి.ఏ. చదివాడు, సంగీతం పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు. తాళం మాత్రం ఎక్కడా నేర్చుకోలేదు. అది ముందే ఉంది.

ఇది ఇప్పుడు అప్పకు చెప్పాలా. ఈ బెంచీ మీద, తాయారు పక్కన, వేరుశనక్కాయలు వలుస్తుండగా? అప్పా, కాసేపట్లో ఒక బాతు వస్తుంది, దాన్ని చూసి జనం నవ్వుతారు, నువ్వు మాత్రం అనుకోకు... ఏమి అనుకోకు? పోనీ తల నొప్పని చెప్పి లేపుకుపోతే? నెల్లిమర్ల నుంచి బస్సులో నిలబడి వచ్చింది. నెల నుంచి చూడకుండా ఉంది, నీ పక్కన కూర్చునే చూస్తానని. సెలవులకు వస్తున్నానని అతను కబురు పెట్టేసరికి ఈ హాలుకు ఆ రీలు వచ్చి కూర్చుంది, తన కర్మ కాలి. కరెంటు పోతే? రోజూ పోతుందంటారు, ఇవాళ పంకా ఒక్క క్షణం కూడా నెమ్మదించడం లేదు. సర్కారు రీళ్ళు సగం హాళ్ళలో వేయరు. జనం తిట్టుకుంటారని తీసి పక్కన పడేస్తారు. ఆ ఆలోచన రాగానే అతను లేచాడు.

"ఎక్కడికిరా? ఇప్పుడే ఏస్తారు," అంది అప్ప.

"మిషనోడితో ఒక మాట సెప్పొస్తాను."

"సౌండు పెద్దదిగా పెట్టమను," అంది.

ఇనుప మెట్లెక్కి పైకి పోతుంటే అడుగు అడుగుకీ మెట్టు మోగింది, అదీ ఒక వరస కట్టబోయింది. ఆపరేటరు గది పెనంలా కాలుతోంది. ఆపరేటరు ఎర్రన్న బనీనుతో, మెడ మీద తడి తువ్వాలుతో రీలు ఎక్కిస్తున్నాడు. టీకాల సినిమాకు సంగీతం కట్టింది తానేనని డేవిడ్‌రాజు చెప్పాడు. ఎర్రన్న ఒకసారి పైనుంచి కిందకు చూసి, ఒక్కసారిగా స్టూలు తుడిచాడు.

"మీరేనేటి బాబూ! కూకోండి, కూకోండి. ఈ గదిలోకి సినిమావోళ్ళు రాడం ఇదే మొదలు. మా ఇంటిది మూడుసార్లు సూసింది ఆ బాతుని."

"నిజమా," అన్నాడు డేవిడ్‌రాజు. "ఎర్రన్నా, ఆ రీలు ఇవాళ..."

"సెప్పండి, సెప్పండి. రెండుసార్లు ఎయ్యమంటారేటి? మానేజరుతో నాను సెప్తాను."

"కాదు."

"మరి? సౌండేటి? ఈ లూపు సూడండి, ఈ ఫిలిం మడత. మా మునుపటోడు ఎప్పుడూ వదులుగా ఏసేవోడు, బొమ్మ నోరు మూసేక మాటొచ్చేది. నానలగ కాదు. బొమ్మతో సప్పుడు అతుక్కుని రావాల."

దేశంలో ఏ హాల్లో చూసినా అతని సంగీతం బొమ్మకు కాస్త అటో ఇటో పడి ఏడిపించేది. అతను ప్రతి ఊళ్ళో ఆపరేటర్లను బతిమాలుకునేవాడు. ఇవాళ ఇక్కడ, ఈ రేకుల హాల్లో, ఎవరూ అడక్కుండానే ఒక మనిషి దాన్ని సరిగ్గా వేశాడు. ఎర్రన్న మొహంలోకి చూస్తే ఇక ఆ మాట రాలేదు. "చాలా బాగుంది," అన్నాడు. చెయ్యి కలిపి కిందకు దిగిపోయాడు. దిగుతుంటేనే లైట్లు ఆరాయి.

న్యూస్‌రీలు వచ్చింది. ఏదో ఆనకట్ట, ఎవరో మంత్రి, పూలదండ, వరద. చీకట్లో తడుముకుంటూ వస్తే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కాళ్ళు ముడుచుకుని దారిచ్చి, జాగ్రత్త బాబూ, ఇక్కడ గట్టుంది అన్నాడు. ఎంత మంచివాడు. ఈ మనిషి కూడా నవ్వుతాడు ఇంకాసేపట్లో. అందరూ మంచివాళ్ళే, అందరూ నవ్వుతారు. నవ్వడంలో తప్పేముంది? కుంటిదాన్ని చూసి కాదే, బాతును చూసి. బాతు కుంటితే నవ్వొచ్చు. నవ్వొచ్చా? జగన్నాధం మీద కోపం వచ్చింది, జగన్నాధం తన వరస వెనకాలే నడిచాడని గుర్తొచ్చి ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అతను కూర్చున్నాడు. అప్ప వలిచిన గింజలు అతని చేతిలో పెట్టింది. చిన్నప్పుడు పెట్టినట్టే, అరచేతిలో పోసి, వేళ్ళు తానే మూసి. వరద అయిపోయింది. తెర తెల్లబడింది. తాళం మొదలైంది.

అతను తెర వైపు చూడలేదు. చూడక్కర్లేదు, ప్రతి బొమ్మా ఎరుగును. పేర్లు వస్తున్నాయి; అప్ప మోచేత్తో పొడిచింది, తాయారు "అదిగో, అదిగో" అంది, బావ పైకే పేరు చదివాడు. కోడి పరిగెత్తింది, నేల తరగతి నవ్వింది. మేక చెట్టెక్కింది, బెంచీలు నవ్వాయి. ఇక ఇప్పుడు. క్లారినెట్టు గొంతు సవరించుకుంది. అతను చీకట్లో అప్ప మొహం చూస్తున్నాడు. తెర వెలుగు ఆవిడ బుగ్గ మీద పడి ఆడుతోంది. కుడికాలు. ఎడమకాలు రాసుకుంటూ వచ్చింది. తుంటి లేచి దిగింది. ఎర్రన్న చెప్పినట్టే చప్పుడు బొమ్మకు అతుక్కుని వచ్చింది, వెంట్రుక దూరేంత సందు లేకుండా. అప్ప నవ్వింది. అందరికన్నా ముందు ఆవిడే నవ్వింది, నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి. తాయారు తొడ మీద కొట్టుకుంది. వెనక కుర్చీల్లో షావుకారు పొట్ట పట్టుకుని దగ్గాడు. హాలు రేకులు ఎగిరిపోతాయా అన్నట్టుంది. ఇంత నవ్వు అతను తన జీవితంలో వినలేదు, ఒళ్ళు జలదరించింది, సంతోషంతోనే జలదరించింది, ఆ సంతోషానికి సిగ్గేసింది. బాతమ్మ వెనక పిల్ల బాతులు వరస కట్టాయి. తల్లి ఎలా నడిస్తే అలా, ఒక్కొక్కటే కుంటుతూ. నవ్వు ఇంకా పెరిగింది. అతను ఆ నవ్వులోంచి ఒక్క నవ్వునే ఏరుకుంటూ వింటున్నాడు. ఆ ఒక్కటీ ఆగిపోయింది. తెగినట్టు కాదు, దీపంలో చమురు అయిపోయినట్టు తగ్గి, ఆగింది. అప్ప నోరు ఇంకా తెరిచే ఉంది. తర్వాత మూసుకుంది. ఆవిడ చీర కుచ్చిళ్ళను కిందికి లాగి, ఎడమకాలిని బెంచీ కిందికి, లోపలికి పెట్టుకుంది. ఆ చీకట్లో దాన్ని ఎవరు చూస్తారని?

పెద్ద సినిమా మొదలైంది. జనం సర్దుకున్నారు. బావ తల అప్పుడే ఒక పక్కకు వాలింది. "గాలాడతాలేదు," అని అప్ప లేచింది. వెనకే అతను లేచాడు.

బయట ఎండ మొహం మీద కొట్టింది. హాలు ముందు సైకిళ్ళు, నీడలో పడుకున్న రిక్షా అతను, గోలీ సోడా బండి. అప్ప గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత గోడ వదిలేసి నడిచింది. తిన్నగా నడిచింది. తుంటి బిగబట్టి, ఎడమకాలిని పైకెత్తి, చూసుకుని చూసుకుని, కుడికాలు ఎంతసేపు ఆగిందో అంతసేపూ దాన్నీ ఆపి. చెప్పు నేలను రాయలేదు. చప్పుడే లేదు. ఇంత వయసొచ్చేదాకా అప్ప అలా నడవడం అతను చూడలేదు. వీధి పిల్లలు వెనకపడ్డప్పుడు నడవలేదు, పెళ్ళిచూపుల్లో నడవలేదు. ఆవిడ మెడ మీద చెమట కారుతోంది.

"అప్పా, సెయ్యి ఇవ్వు."

"అక్కర్లేదు."

"ఎందుకలగ నడుస్తన్నావు?"

"ఎలగ నడుస్తన్నాను? అందరూ నడిసినట్టే. బాలేదేటి?"

సోడా బండి మనిషి ఏమీ అడక్కుండా తన ముక్కాలిపీట ఆవిడ ముందుకు జరిపాడు. జరిపి, సీసాలు కడిగే పని ఉన్నట్టు అటు తిరిగాడు. అప్ప కూర్చుంది. మోకాలు నొక్కుకుంటూ రోడ్డు వైపు చూసింది. డేవిడ్‌రాజు ఎదురుగా నిలబడ్డాడు, ఎండలో.

"మంచి నవ్వొచ్చిందిరా," అంది చివరికి. "ముందు నానే నవ్వేను. తాయారుకన్నా ముందు. ఆ తర్వాత తెలిసింది, దేన్ని సూసి నవ్వుతన్నానో."

అతని చేతిలో అప్ప వలిచిన గింజలు ఇంకా అలాగే ఉన్నాయి.

"మద్రాసులో నవ్వేరా?"

"నవ్వేరు."

"నువ్వు?"

అబద్ధం నాలుక చివరే ఉంది. "నానూ నవ్వేనప్పా."

అప్ప తల ఊపింది, ఎవరో ధర చెబితే సరేననుకున్నట్టు. "ఆ బొమ్మలాయన నన్ను సూడనేదు. మరి నా కాలు ఆయన కాగితం మీదకెలగ ఎల్లింది? మా అప్ప ఇలగ కుంటుతాదని సెప్పేవా?"

"సెప్పలేదు. నాను వరస కట్టేను, అంతే. బాతు నడకనుకునే కట్టేను. ఆయన ఇని, ఇది కుంటి నడకన్నాడు. అప్పటిదాకా నాకు తెల్దు."

"ఏటి తెల్దు?"

"అది కుంటని." ఒక అడుగు దగ్గరకు జరిగాడు. "నన్ను సంకనేసుకుని తిప్పేవు గదా. నడకంటే అలగే ఉంటాదనుకున్నాను. ఇప్పటికీ ఎవరి నడకకి కట్టినా ముందు అదే వస్తాదప్పా. మిగతా నడకలన్నీ దాన్నించే దిద్దుకుంటాను. ఈసారి దిద్దడం మర్సిపోయేను."

సోడా మనిషి సీసాలు కడగడం ఆపాడు, మళ్ళీ కడిగాడు. ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. అప్ప అతని మొహంలోకి చూస్తూనే ఉంది. ఏదైనా అంటే బాగుండును. తిడితే బాగుండును. నలుగురిలో చెంప మీద కొట్టినా బాగుండును.

"నలభై ఏళ్ళొచ్చినాయి," అంది. "బి.ఏ. సదివేవు. మీ అప్ప కుంటిదని ఇంకోడు సెప్తే గాని తెలీలేదేట్రా నీకు?"

ఆవిడ పెదవి వణికింది. అది నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు. బొమ్మ పెదవైతే తెలిసేది. పైట కొంగుతో మొహమంతా గట్టిగా తుడుచుకుంది. "ఈ మాట మీ బావ దగ్గర అనకు. మిల్లు మిల్లంతా సెప్తాడు."

"అనను."

"ఆ గుంట బాతులు ఎనకాల కుంటడం మాత్రం నాకు నచ్చలేదు. సెప్పు ఆ బొమ్మలాయనికి."

"సెప్తానప్పా."

"సెప్పు. మర్సిపోకు." మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "నడు. ఆ మనిషి గురకెడితే హాలోళ్ళు బయటికి గెంటెస్తారు."

మొదటి రెండడుగులు తిన్నగానే వేసింది. మూడోదానికి తుంటి మొరాయించింది. అమ్మో అని ఎవరినో విసుక్కున్నట్టు విసుక్కుని, బిగబట్టినదంతా వదిలేసింది. చెప్పు నేలను రాసింది. గేటు దగ్గరి మనిషి టికెట్టు ముక్కలు చూపించమనకుండానే గుమ్మం తెర పక్కకు తీసి పట్టుకున్నాడు. ముందు అప్ప వెళ్ళింది, వెనక అతను. ఎండలోంచి వచ్చిన కళ్ళకు లోపల నల్లటి గోడ తప్ప ఏమీ కనిపించలేదు. బెంచీలు ఎక్కడో, మెట్టు ఎక్కడో, జనం కాళ్ళు ఎక్కడో. అతను ఆగిపోయాడు. ముందు, చీకట్లో, ఒక గట్టి అడుగు పడింది, ఒక మెత్తని రాపిడి వచ్చి దాని పక్కన చేరింది. అతను చేతులు చాచకుండా దాని వెనకే వెళ్ళాడు.